విలిమైనా కర్రపెండలాన్ని తిట్టిన రోజు

గత శనివారం పొద్దున మా ఆడపడుచు విలిమైనా ఒక కర్రపెండలం దుంపను తిట్టింది. ఫోన్‌ని కొబ్బరిచిప్పకి ఆనించి, సువా పట్నంలో ఉన్న కూతురికి కర్రపెండలం కేకు చెయ్యడం నేర్పే వీడియో తీస్తున్నాననుకుంది. నొక్కింది మాత్రం ఊరి ఫేస్‌బుక్ పేజీలో లైవ్ మీట.

"ఏమే, ఒళ్లంతా మట్టేనా? కడగడానికి నీళ్లేవీ? మా అన్నయ్య నోట్లో ఉన్నాయి. మీటింగు పెట్టినప్పుడల్లా ఊరతాయి!"

ఆ అన్నయ్య మా ఆయన ఇసికేలి, ఊరి పెద్ద. వరదకి కొండ మీది గొట్టం విరిగినప్పటి నుంచీ పై ఇళ్ల కుళాయికి చుక్క లేదు. విలిమైనా నొప్పి మోకాలితో వాగు దాకా దిగి బిందె మోస్తోంది. ఆ మాట అన్నకి నేరుగా చెప్పడానికి లేదు. ఈడొచ్చాక అన్నాచెల్లెళ్లు ఎదురుపడి మాట్లాడుకోరు మాలో. ఆయనకి కడుపు ఆపరేషన్ అయినప్పుడు కూడా ఈవిడ ఆసుపత్రి కిటికీ బయట నిలబడి, "నొప్పిగా ఉందా?" అని నర్సుని అడిగింది. నర్సు తనకేం నొప్పి లేదంది.

కుళాయి కబురు మోసేది నేనే. ఆమె కారంగా చెప్పిన మాట నా నోట్లోంచి బయటికొచ్చేసరికి చప్పబడేది. ఆయన "చూద్దాంలే" అనేవాడు.

ఆ పొద్దున పెద్దలంతా చాప మీద కూర్చుని కొబ్బరిచిప్పతో యంగోనా వేరు రసం తాగుతున్నారు. నేను పక్కనే అరటాకుల్లో చేపలు సర్దుతున్నాను. ఎవరి ఫోన్లోంచో విలిమైనా గొంతు ఖంగుమంది. చిప్ప మా ఆయన పెదాల దగ్గరే ఆగిపోయింది. చెల్లెలి నోట అలాంటి మాట వింటే అన్న అక్కణ్ణుంచి లేచి వెళ్లిపోవాలి. వెళ్లిపోయాడు.

అసలు తంటా అప్పుడు మొదలైంది. విలిమైనా ఆచారం తప్పిందా, లేదా?

"అన్నని అన్నట్టే కదరా!" అన్నాడొకాయన.

ముసలి రొపాటే తాత గడ్డం గోక్కున్నాడు. "ఎవరితో అంది? దుంపతో. విన్నదెవరు? ఫోను. ఆ ఫోను ఇసికేలికి ఏ వరసవుతుంది?"

ఎంత ఆలోచించినా వరస తేలలేదు.

"మరి ఆయనకి వినిపించింది కదా తాతా?"

"వానా వినిపిస్తుంది. నిన్ను తిడుతోందా?"

నాకూ అదే విడ్డూరం. నలుగురిలో అన్నని మాట అనకూడని మనిషి నాలుగొందల మంది ముందు అంటే తప్పు కాకుండా పోయింది! పైగా అది అక్కడితో ఆగలేదు. సభలో గుమ్మం పక్కన కూర్చుని నోరు విప్పని మెరెవై, మర్నాడు పేజీలో తన కోడిపెట్టని పట్టుకుని, "బడి మెట్లు ఎవరు బాగు చేస్తారే?" అని నిలదీసింది. ఇంకొకావిడ చీపురుతో చర్చ పెట్టింది. సువాలో ఉన్న మావాళ్లంతా కింద రాసేవాళ్లు: "అత్తా, గొట్టం ఎప్పుడేస్తారో దుంపని అడిగి చెప్పు!" నేనూ రాత్రుళ్లు మా ఆయన పక్కనే పడుకుని అవన్నీ చదివి, నవ్వు దిండులో దాచుకునేదాన్ని.

నాలుగో రోజు మా ఆయన కుర్రాళ్లని వెంటేసుకుని కొండెక్కాడు. సాయంత్రానికి పై ఇళ్ల కుళాయి దగ్గి, తుమ్మి, ఎర్రటి నీళ్లు కక్కి, తేటబడింది.

ఇంటికొచ్చి బురదకాళ్లతోనే గుమ్మంలో నిలబడ్డాడు. "గొట్టం వేశాను కదా. వెళ్లి నీ ఆడపడుచుతో చెప్పు. ఊరందరి ముందూ నా పరువు తీసింది. ఆ వీడియో తీసెయ్యమను."

వెళ్లాను. విలిమైనా కుళాయి కింద దుంపలు కడుగుతోంది. ఈసారి చప్పబడకుండా, ఉన్నదున్నట్టు చెప్పాను.

ఆమె ఒక దుంపని నీళ్లలో తిప్పి, మట్టి పోయిందో లేదో చూసి అంది: "అన్నయ్యని నేనొక్క మాటన్నానా వదినా, ఏమున్నా దీన్నే అడగమను."