తుడవకూడని పేరు

మూడు రోజులు ట్రైనింగని ఇంట్లో అబద్ధం చెప్పి, బడికి సెలవు పెట్టి బయల్దేరాను. నెల్లూరు బస్టాండులో ముత్తుకూరు బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక గానీ ఎంత పిచ్చిపని చేస్తున్నానో తెలిసిరాలేదు. నేను హైస్కూల్లో డ్రాయింగ్ టీచర్ని. ఎనిమిది నెలలుగా నా కుడి చెయ్యి వణుకుతోంది. డాక్టరు ఆ జబ్బుకి ఏదో పేరు చెప్పి, మందులకి కాస్త తగ్గినా పూర్తిగా పోదు, ముందుముందు ఎక్కువే అవుతుంది అన్నాడు. ఆయన రాసిచ్చిన చీటీని బీరువాలో చీరల కింద దాచాను. మా ఆయనకి చెప్పలేదు. కాఫీ గ్లాసు ఎడమచేత్తో అందిస్తుంటే ఇదేం కొత్త మర్యాదని వెక్కిరించాడు. నవ్వి ఊరుకున్నాను.

నాకు మిగిలింది ఒక్కటే ఆశ. పిల్లల ముందు కాబట్టి చెయ్యి బెదురుతోందేమో, ఎవరూ ఎరగని చోట కూర్చుంటే కుదురుకుంటుందేమో. సముద్రం ఒడ్డున ఒక్క బొమ్మ, ఒకే ఒక్క బొమ్మ మునుపటిలా వేస్తే చాలు. ఆ డాక్టరు చెప్పింది తప్పని నమ్మేద్దామనుకున్నాను.

మొదటి రోజు ముత్తుకూరు నుంచి షేర్ ఆటోలో ఒడ్డుకి పోయి కరెంటు ప్లాంటు పొగగొట్టాలు వేయబోయాను. నిలువు గీతలే కదా, ఎంతలో పని అనుకున్నాను. ఒక్కో గొట్టం తప్పతాగి నిలబడ్డ మనిషిలా వచ్చింది. రెండో రోజు నాయుడుపేటలో బస్సు మారి చిట్టమూరు వైపు పోయి, అక్కడినుంచి ఆటోలో ఇంకో ఊరు చేరాను. ఇసకలో ఆరేసిన వలలు వేద్దామని కూర్చుంటే, పక్కన వల బాగుచేసుకుంటున్న ఒకావిడ నా చేతివంకే చూస్తూ, ఏం రాస్తున్నావమ్మా అని అడిగింది. ఉత్తరమన్నాను. అంత వణుకుతా రాస్తా ఉండావే, చావు కబురా అంది. కాదన్నాను గానీ, ఆ తర్వాత పెన్సిలు ముట్టలేకపోయాను. ఆ పూటంతా చేతిని ఒళ్ళో పెట్టుకుని తిట్టాను. నా చేతిని నేనే, కన్నబిడ్డని శపించినట్టు.

మూడో రోజు ఇంకో ఊళ్ళో ఆటో దిగేసరికి పదిమంది ఎదురొచ్చారు. చంకలో రంగుల పెట్టె, చేతిలో కాగితాల చుట్ట చూసి, రండి మేడం, మీకోసమే చూస్తా ఉండాం అన్నారు. సంగతేమిటంటే, కొత్త పడవకి పేరు రాయడానికి నెల్లూరు నుంచి ఎవరినో పిలిపించారు. ఆ మనిషి ఇంకా రాలేదు. ఆడో మగో కూడా వాళ్ళకి తెలియదు. అరగంటలో పూజ చేసి పడవని నీళ్ళలోకి దించాలి.

నేను కాదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. నా బుద్ధి గడ్డి తిన్నది. ఎనిమిది నెలల తర్వాత నా చెయ్యి కావాలని అడిగిన వాళ్ళు వాళ్ళే మరి. నా ప్రాణం లేచొచ్చింది. ఈసారి వణకదు, అంతమంది నమ్ముతుంటే ఎందుకు వణుకుతుంది అనుకున్నాను.

పడవ ఆసామి ఎర్ర రంగు డబ్బా, కుంచె చేతికిచ్చాడు. రాయాల్సింది వాళ్ళమ్మ పేరు, మూడే అక్షరాలు. ఆ ముసలమ్మ అక్కడే పసుపు కుంకాల పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. ఊపిరి బిగపట్టి మొదలుపెట్టాను. మన అక్షరాలన్నీ గుండ్రమే, వణికే చేతికి అంతకు మించిన శిక్ష లేదు. మొదటి అక్షరం అంచులు రంపపు పళ్ళలా వచ్చాయి. సర్దుకుంటుందిలే అని రెండోదానికి పోయాను. కుంచె తుళ్ళి, నీలం చెక్క మీద ఎర్రగా ఓ అడ్డగీత పడి, రంగు కిందికి కారింది. వెనక గుసగుసలు మొదలయ్యాయి.

చెప్పేశాను. నేను మీరు పిలిపించిన మనిషిని కాను, బొమ్మలు వేసుకోవడానికి వచ్చినదాన్ని, కిరసనాయిలు గుడ్డ ఇవ్వండి, తుడిచేస్తాను, ఆ వచ్చేవాళ్ళ చేతే రాయించుకోండి అన్నాను. గుడ్డ కోసం వంగుతుంటే ఆసామి దాన్ని లాక్కున్నాడు.

"బతికుండే మనిషి పేరు తుడుస్తారా మేడం? అదీ నీళ్ళు తగలకముందే?"

వాళ్ళ ఆచారంలో పడవ మీద ఎక్కిన పేరుని తుడవకూడదట. తుడిస్తే ఆ మనిషికి కీడట. మా అమ్మ పేరుతో ఆడుకున్నావే అని అందరి ముందూ అన్నాడు. తప్పేముంది, ఆడుకున్నాను. నా చెయ్యి బాగుందో లేదో చూసుకోవడానికి ఇంకొకరి తల్లి పేరు కావలసొచ్చింది నాకు. అక్కడే ఇసకలో కూరుకుపోతే బాగుండుననిపించింది.

ముసలమ్మ కొడుకుని ఊరుకోమంది. పళ్ళెం కోడలి చేతికిచ్చి వచ్చి, నా మణికట్టు పట్టుకుంది. ఉప్పుకి బండబారిన చెయ్యి.

"ఇంకొకటే గదా. రాయి. నేను పట్టుకుంటా."

రాశాను. ఆమె బలమంతా పెట్టి పట్టుకుంది. అయినా మూడో అక్షరం కూడా వంకరే వచ్చింది. ఇద్దరం కలిసినా చక్కగా రాయలేకపోయాం. కుంచె డబ్బాలో పడేశాను. ఆమె మూడక్షరాలనూ చివరిదాకా చూసింది.

"నాకు చదువు రాదు. బాగుండాదా అమ్మణ్ణీ?"

బాగుందని నేను అంటే సరిపోయేది. ఆమె నమ్మేది కూడా. కానీ అప్పటికి నా దగ్గర అబద్ధాలు అయిపోయాయి.

"లేదమ్మా. బాగాలేదు," అన్నాను.

నా పేరే గదా, ఉండనీ అంది. కొబ్బరికాయ కొట్టమని కొడుక్కి చెప్పింది. నా మణికట్టు మాత్రం విడిచిపెట్టలేదు. ఆమె పిడికిట్లో నా చెయ్యి కొట్టుకుంటూనే ఉంది. పూజకి వేళవుతోంది, వదిలెయ్యమ్మా అన్నాను.

"ఆగినాక వదుల్తాలే," అంది.

"ఇది ఆగదమ్మా," అన్నాను. ఆ మాట నా నోటి నుంచి రావడం అదే మొదటిసారి.