నౌపడ గ్యాలరీకి నేను సంతకం పెట్టని వారం

1968 ఫిబ్రవరిలో నాకు టెక్కలి సెక్షనుకి బదిలీ అయింది. హోదా జూనియర్ ఇంజినీరు. సెక్షను అంటే మా రోడ్లు, భవనాల శాఖలో కింది మెట్టు. దాని మీద సబ్ డివిజను, అక్కడ అసిస్టెంట్ ఇంజినీరు; ఆపైన శ్రీకాకుళంలో ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు. గుంతలు పూడ్పించడం, కల్వర్టులు చూసుకోవడం, సర్కారు బంగళాలకి వెల్ల వేయించడం నా పని. ఫుట్‌బాల్ గ్యాలరీ ఆ పనుల్లో ఎక్కడా లేదు. అయినా చేరిన నెలలోనే నా నెత్తిన పడింది.

నౌపడ జంక్షనులో రైల్వేవాళ్ళూ, ఉప్పు మడుల మీద బతికేవాళ్ళూ కలిసి నడిపే క్లబ్బు ఒకటి ఉండేది. ఆ ఏడు వాళ్ళు టోర్నమెంటు పెట్టి, టిక్కెట్లు అమ్ముదామనుకున్నారు. జనం ఎక్కి కూర్చునే కర్రల కట్టడం దేనికైనా, అది సర్కసైనా సభయినా, టిక్కెట్టు పెట్టాలంటే తాసీల్దారు అనుమతి కావాలి. ఆయనకి మా శాఖ నుంచి స్టెబిలిటీ సర్టిఫికెట్, అంటే కట్టడం నిలకడగా ఉందన్న హామీ, వెళ్ళాలి. సర్టిఫికెట్ మీద సంతకం అసిస్టెంట్ ఇంజినీరుదే. కానీ 'పరీక్షించితిని, నిలకడగా ఉన్నది' అని నేను రాసి సంతకం పెడితే తప్ప ఆయన కలం మూత తీయడు. ఏజెన్సీ వైపు గొడవల వల్ల ఆ రోజుల్లో నలుగురు ఒకచోట చేరితేనే పోలీసులు ముఖం చిట్లించేవారు. అందుకని తాసీల్దారు కూడా పట్టుగా ఉన్నాడు.

క్లబ్బు కార్యదర్శి సింహాచలం, స్టేషనులో గూడ్సు క్లర్కు. నన్ను రైలు దిగిన చోటి నుంచే గ్రౌండుకి నడిపించుకుపోయాడు. దారి పొడుగునా అతను చెప్పింది స్టేడియం గురించే. నాలుగు వైపులా సిమెంటు గ్యాలరీలు, ఏడాదికి ఒక వైపు చొప్పున కడతారట. ఈ కర్రల గ్యాలరీ మొదటి మెట్టట. పడమటి వైపు ఎందుకు కట్టారని అడిగాను. సాయంత్రం ఆటకి ఎండ జనం వీపున పడాలని అన్నాడు. మనిషి కలలు కంటున్నా బుర్ర పనిచేస్తోందని నాకు నమ్మకం కలిగింది.

అసలు చిక్కు నేల దగ్గర ఉంది. గ్రౌండు క్లబ్బుది కాదు. ఉప్పు మడుల ఆఫీసుది, ఏడాదికోసారి అనుమతి మీద ఆడుకోనిస్తున్నారు. ఆ ఏడు అక్కడ ఉప్పు రాశులు పోద్దామన్న ఆలోచన ఆఫీసువాళ్ళకి వచ్చింది. ఫైనలుకి వాళ్ళ పెద్ద ఆఫీసరు వస్తానన్నాడు. ఊరికి ఈ ఆట కావాలని ఆయన కళ్ళారా చూస్తే గ్రౌండు మిగులుతుంది. టోర్నమెంటు ఆగిపోతే గ్రౌండు పోతుంది, క్లబ్బు కూడా దానితోపాటే పోతుంది.

గ్యాలరీ గ్రౌండు పొడుగునా ఉంది. సరుగుడు గుంజలు, కొబ్బరి తాళ్ళ కట్లు, కూర్చోవడానికి తాటి పట్టెలు. చేతి పని శుభ్రంగా ఉంది. కట్టింది వ్యాగన్లకి ఉప్పు బస్తాలెత్తే ముఠా వాళ్ళు. వాళ్ళ మేస్త్రీ అప్పలస్వామి. క్లబ్బుకి డబ్బు వచ్చేది కూడా వాళ్ళ దగ్గరినుంచే. ఎత్తిన బస్తాకి ఇంతని తమ కూలిలోంచి తీసి ఇచ్చేవారు. ఆ లెక్కన క్లబ్బుకి యజమాని ఎవరంటే అప్పలస్వామే అనాలి, గళ్ళ చొక్కా వేసుకున్న సింహాచలం కాదు.

బరువు పరీక్షకి మేము మామూలుగా ఇసక బస్తాలు వాడతాం. ఎటు చూసినా ఉప్పు బస్తాలున్న నౌపడలో ఇసక బస్తాలు అడగడమంటే సముద్రం ఒడ్డున కూచుని ఉప్పు కొనుక్కోవడమే. ఉప్పు బస్తాలే వేయించాను. జనం కిక్కిరిసి కూర్చుంటే ఎంత బరువో అంతకంటే కొంచెం ఎక్కువే పెట్టించి, ఒక రాత్రి అలాగే వదిలేశాం. మర్నాడు తాపీవాళ్ళ తూకపు గుండు వేలాడదీసి చూస్తే గుంజలు నిటారుగా ఉన్నాయి. పట్టెలు వంగలేదు. రిపోర్టు రాసేసి సాయంత్రం బండికి పోదామనుకున్నాను.

బండి ఆలస్యం. ఆ సాయంత్రం క్లబ్బు వాళ్ళు రెండు జట్లుగా విడిపోయి ఆడుకుంటుంటే చూస్తూ నిలబడ్డాను. గ్యాలరీ ఇంకా ఎవరినీ ఎక్కనివ్వలేదు కనక జనమంతా దాని ముందు నేల మీదే ఉన్నారు. ఆటకంటే వాళ్ళని చూడడం నాకు సరదాగా ఉంది. గోలు కాసేవాడు చేపలోళ్ళ కుర్రాడు, వాడి చేతికి అందిన బంతి వలలో పడ్డ చేపేనని ఒకడు. ఎడమ వైపు ఆడే, పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌కి పరుగే గాని బంతి ఇవ్వడం చేతకాదని ఇంకొకడు. అంతలో బంతి ఉత్తరం వైపు వెళ్ళింది. జనం మొత్తం బంతితోపాటు ఉత్తరానికి పరుగెత్తారు. బంతి తిరిగింది, వాళ్ళూ దక్షిణానికి వచ్చారు. ఇలా ఆట అయ్యేదాకా. ఒక్కడు ఒక చోట నిలబడలేదు.

పక్కనున్న అప్పలస్వామిని అడిగాను, గ్యాలరీ ఎక్కినాకయినా కూర్చుంటారా అని. అతను నన్ను జాలిగా చూశాడు.

"కూకుంటే ఆటేటి కనబడతాది బాబూ? బంతి ఎటెల్తే మేవూ అటే ఎల్తాం."

నేను వెంటనే ముఠాలో నలుగుర్ని పిలిచి, గ్యాలరీ చివరి గుంజల్ని పొడుగు వైపుకి నెట్టమన్నాను. నలుగురు నెడితేనే ఆ మొత్తం కట్టడం గూడుబండిలా ఊగింది. ముందుకీ వెనక్కీ పడిపోకుండా ఏటవాలు కర్రలు కట్టారు గాని, పొడుగు వైపు ఒక్కటీ కట్టలేదు. కూర్చున్న మనుషులకి అది చాలు. బంతి వెంట పరుగెత్తి, గోలు దగ్గర ఒక్కసారి ఆగే మనుషులకి చాలదు. గుంజలు పేకముక్కల్లా ఒకదాని మీద ఒకటి పక్కకి వాలిపోతాయి. సంతకం పెట్టనని అక్కడే చెప్పేశాను.

సింహాచలం ముఖం నల్లబడింది. "ఉప్పు బస్తాలు మోసినాది గదా సార్, ఇంకేటి కావాల?" అన్నాడు. ఉప్పు బస్తా బంతి వెంట పరుగెత్తదు కదా అన్నాను. నేను మొండివాణ్ణని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. ఇంట్లో అది దుర్గుణమే కావచ్చు, ఉద్యోగంలో మాత్రం నాకు అన్నం పెట్టింది.

స్టేషను ఎదుట గున్నయ్య టీ కొట్టులో పంచాయితీ జరిగింది. పొడుగు వైపు ఏటవాలు గుంజలు కట్టాలంటే ఇంకో రెండు బళ్ళ సరుగుడు కావాలి. క్లబ్బు దగ్గర మిగిలిన డబ్బు ఖరగ్‌పూర్ నుంచి రావలసిన ఇద్దరు ఫార్వర్డుల రైలు ఛార్జీలకీ బత్తాకీ దాచింది. సగం గ్యాలరీ పీకి ఆ కర్రలే వాడుకోమన్నాను. సగం గ్యాలరీకి సగం జనం, ఆఫీసరు ముందు చిన్నబోతామని సింహాచలం ఒప్పుకోలేదు. ఇక మిగిలింది ఒకటే ప్రశ్న. ఆటగాళ్ళా, గుంజలా?

ఆ ఊళ్ళో ఫుట్‌బాల్ అభిమానం ఎంత లోతో నాకు ఆ గంటలో తెలిసింది. అప్పటిదాకా ఊరుకున్న గున్నయ్య గ్లాసులు కడగడం ఆపి వచ్చాడు. "గోలు ఏసేవోడు నేకపోతే గేలరీ ఎక్కి ఏటి సూత్తాం మావా? ఎదరోళ్ళు ఏసిన గోల్సు లెక్కెడతామా?" అని అప్పలస్వామిని నిలదీశాడు. కొట్టులో సగం మంది ఔనన్నారు. ఈ ఇంజినీరు బాబు ఎప్పుడైనా బంతి తన్నాడా అని వెనకనుంచి ఎవరో అడిగారు. తన్నలేదని ఒప్పుకున్నాను. సింహాచలం ఖరగ్‌పూర్ వాళ్ళ ఆట గురించి చాలాసేపు చెప్పాడు. ఇద్దరిలో ఒకడు అతని బావమరిదే అన్న సంగతి ఇంకెవరో చెప్పాల్సి వచ్చింది.

అప్పలస్వామి టీ అంతా తాగి, గ్లాసు కింద పెట్టి అప్పుడు మాట్లాడాడు.

"ఒరే గున్నా, నీకు నడుం ఇరిగినా కూకుని టీ కాసుకుంటావు. మావోళ్ళకి నడుం ఇరిగితే బస్తా ఎవుడెత్తుతాడురా? ఆ డబ్బులు బస్తాలెత్తి ఇచ్చినవే గదా. గుంజలు తెప్పించండి."

ఖరగ్‌పూర్ వాళ్ళని రావద్దని తంతి ఇచ్చింది సింహాచలమే. ఆ తర్వాత వారం రోజులు నన్ను చూస్తే తల తిప్పుకున్నాడు. ముఠా వాళ్ళు గ్యాలరీ వెనకాల గుణకారం గుర్తులా జంట జంటగా గుంజలు బిగించారు. ఈసారి ఇరవై మంది చేత నెట్టించాను. కట్లు కిర్రుమన్నాయి గాని కట్టడం కదల్లేదు. అక్కడే నిలబడి నా వాక్యం రాసి సంతకం పెట్టాను. అసిస్టెంట్ ఇంజినీరూ పెట్టాడు.

ఫైనలు విజయనగరం వైపు జనపనార మిల్లు జట్టుతో. నేను ఆట చూడలేదు. సంతకం పెట్టిన వాడి చోటు గ్యాలరీ వెనకాల, కర్రల మధ్య అని నా నమ్మకం. అక్కడినుంచి నాకు కనబడినవి కాళ్ళు, తాటి పట్టెల సందుల్లో పాదాలు మాత్రమే. రెండో సగంలో మనవాడెవడో బంతి తీసుకుని ఇద్దర్ని దాటేశాడని పైన గోల వినబడింది. అంతే, పాదాలన్నీ ఒక్కసారి ఉత్తరానికి పరుగు తీశాయి. నా తల మీద ఉరుము ఉరిమినట్టయింది. కొత్త గుంజలు బిగుసుకుని మూలిగాయి. నేను చెయ్యి వేసిన గుంజ వణికి, నిలబడింది. భయపడలేదని చెబితే అబద్ధం. బంతి గోలు కర్రకి తగిలి బయటికి పోయిందట. పాదాలు నెమ్మదిగా వెనక్కి వచ్చాయి.

మనవాళ్ళు మూడు గోల్సు తేడాతో ఓడిపోయారు. ఒక్క గోలూ వేయలేకపోయారు. ఆఫీసరు మాత్రం ఆ జనాన్ని చూసి, ఉప్పు రాశులకి ఇంకో చోటు చూసుకుంటామని చెప్పి వెళ్ళాడు. సిమెంటు స్టేడియం ఎప్పటికీ కాలేదు. ఆ కర్రల గ్యాలరీనే ఏటేటా కట్టేవారు, పొడుగు వైపు గుంజలతో సహా.

చాలా ఏళ్ళకి పర్యవేక్షణకి పోతూ నౌపడలో దిగి గున్నయ్య కొట్లో టీ అడిగాను. అతను నన్ను వెంటనే గుర్తుపట్టి, పక్కనున్న వాళ్ళకి చూపించాడు. "ఆ ఫైనల్లో మూడు గోల్సు ఏసింది మిల్లోళ్ళు కాదు, ఈ బాబే" అన్నాడు. బెంచీ మీదున్న అప్పలస్వామి కూడా అందరితోపాటు నవ్వాడు. అప్పటికీ బస్తాలెత్తుతున్నాడు.

ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇది. కట్టడం ఎంత బరువు మోస్తుందో లెక్కగడితే సగం పనే అయినట్టు. దాన్ని వాడే మనుషులు ఎటు పరుగెత్తుతారో స్వయంగా చూసి రావాలి. సంతకం పెట్టనన్నందుకు తిట్టే మనుషులు ఎప్పుడూ మిగిలి ఉంటారు. తొందరపడి పెడితే తిట్టడానికి మనుషులు మిగులుతారన్న హామీ లేదు.