ముప్పై ఒక్క గంటల చేపలు

మా అక్క భర్తకు ఇరవై రెండేళ్లుగా ఒకటే పని: రంగు చేపల్ని సంచుల్లో కట్టి విమానమెక్కించడం. సంచిలో ఒక వంతు నీళ్లు, మూడు వంతులు ఆక్సిజన్, పైన బిగించి రబ్బరు బ్యాండు. అదే కంపెనీలో కాగితాలు రాసేది నేను. బావ నోట్లో నాలుక లేని మనిషి. ఆయన వంతు కూడా దేవుడు నాకే ఇచ్చాడని అక్క అంటుంది.

ఆయన నియమం ఒక్కటే. సంచి కట్టే ముందు రెండు రోజులు చేపకు మేత పెట్టకూడదు. కడుపు నిండిన చేప దారిలో నీళ్లు పాడుచేసి, ఆ నీళ్లలోనే చస్తుంది. ఇది చెప్పీ చెప్పీ నాకు విసుగొచ్చింది గాని మా ఓనరు తలకెక్కలేదు.

పోయిన నెల ఓనరు మేపి పంపిన సరుకు సగం చచ్చి తేలింది. తప్పు మాత్రం బావ నెత్తిన పడింది. "ఈసారి కూడా చస్తే నువ్విక పనిలోకి రానక్కర్లేదు" అనేశాడు.

ఆ సోమవారం ఆరువందల చేపలు వెళ్లాలి. పొద్దున్నే ఓనరు ఫోను చూసుకుంటూ వచ్చాడు.

"రెండు ఊళ్ల మధ్య రెండువేల తొమ్మిదివందల కిలోమీటర్లు. విమానంలో నాలుగు గంటల ఐదు నిమిషాలు. ఈమాత్రానికి రెండు రోజులు పస్తులా? బక్కచిక్కిన చేపల్ని ఎవడు కొంటాడు?"

ఉండబట్టలేకపోయాను. "అవి కాకిలెక్కలు సార్. నేరుగా వెళ్లే విమానమే లేదు మనకు. ఎయిర్‌పోర్టుకు మూడు గంటలు, అక్కడ ఐదు గంటల ముందే అప్పగించాలి, మధ్యలో ఇంకో ఊళ్లో దిగి పన్నెండు గంటలు పడుండాలి, అవతల మళ్లీ కస్టమ్స్. కట్టిన సంచి విప్పేసరికి ముప్పై ఒక్క గంటలు."

"ఫోను అబద్ధం చెబుతుందా అమ్మా?"

అబద్ధం చెప్పదు, అడిగినదానికే చెబుతుంది. ఆ మాట నా నోట్లో ఉండగానే ఆయన, పంపాల్సిన చేపలుండే ముందు గది తొట్టిలో రెండు గుప్పెళ్ల మేత చల్లేశాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. బావేమో రబ్బరు బ్యాండ్లు ఏరుకుంటున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఉద్యోగం పోయేట్టుంటే అలా నిలబడ్డారేంటి బావా?"

"నువ్వెళ్లి కాగితాలు రాయి ముందు."

విసురుగా నా గదికి వెళ్లిపోయాను. ఆ రాత్రి అన్నం కూడా సయించలేదు.

మంగళవారం సాయంత్రం అవతలి ఊరి నుంచి ఫోను వచ్చింది. ఆరువందల్లో పోయినవి రెండే. నాకు ప్రాణం లేచొచ్చింది. ఓనరైతే గాల్లో తేలుతున్నాడు.

"చూశారా, మేపి పంపితే ఎంత హాయిగా వెళ్లాయో. ఎల్లుండి వెయ్యి వెళ్తున్నాయి. ఈ పూట నుంచే మేపండి."

అప్పుడు బావ నోరు విప్పాడు.

"మీరు మేపినవి వెళ్లలేదు సార్. వెళ్లాల్సినవాటిని శనివారమే వెనక గది తొట్టిలోకి మార్చి, పస్తుంచాను; ముందు తొట్టిలో వేరేవి వదిలాను. మీరు మేపినవి ఇవిగో, ఇక్కడే ఉన్నాయి."

నాకూ చెప్పలేదు మహానుభావుడు. రెండు రోజులుగా నా రక్తం ఊరికే ఉడికింది. కానీ ఇప్పుడు, మాట దాటినందుకైనా పని పోతుందనుకున్నాను.

ఓనరు తొట్టి దగ్గరికెళ్లి, పొట్టలు ఉబ్బి తిరుగుతున్న చేపల్ని చాలాసేపు చూశాడు.

"ఎన్ని గంటలన్నారు?"

"ముప్పై ఒకటి సార్" అన్నాడు బావ.

ఓనరు జేబులోంచి మేత గది తాళంచెవి తీసి బావ చేతిలో పెట్టాడు.

"నేనడిగినా ఇవ్వొద్దు" అనేసి బయటికి వెళ్లిపోయాడు.