మిరప టిక్కీల వెనక గోడ

మా అమ్మాయి పెళ్ళి మా ఊరి చర్చిలోనే జరగాలని నా పట్టు. దొరలు కట్టిన రాతి చర్చి అది; నా పెళ్ళీ అందులోనే అయింది. అమ్మాయికేమో గుంటూరులో ఏసీ హాలు కావాలి. దాన్ని చివరికి ఒప్పించింది నా బతిమాలడం కాదు, ఫొటోలు తీసే అబ్బాయి. చర్చి చూడడానికి వచ్చి, పెచ్చులూడిన గోడను దూడను నిమిరినట్టు నిమిరి, "ఆంటీ, ఇలాంటి గోడ గుంటూరంతా వెతికినా దొరకదండి" అన్నాడు. ఆ పెచ్చులు ఏళ్ళ తరబడి మా నెత్తిన రాలుతున్నా వాటి గొప్పతనం మాకు తెలిసిందా!

"ఆ గోడ ముందు ఫొటోలంటేనే ఇక్కడ" అంది అమ్మాయి. సరేనన్నాను.

మా మరిది సంఘ పెద్ద. వియ్యాలవారు వచ్చి ఆ గోడలు చూస్తే పరువేం కాను అనుకున్నాడట. పెళ్ళి పనుల్లో మేం అటు తొంగి చూడని ఆ వారంలో, చెప్పకుండా చర్చి మొత్తానికి గులాబీ రంగు కొట్టించాడు. అదీ ఆయిల్ పెయింటు. కడిగినా పోని ప్రేమ.

పెళ్ళి ముందురోజు మమ్మల్ని పిలిచి చూపించాడు. "ఎట్టా ఉంది వదినా?"

నాకంటే ముందు అమ్మాయే అందుకుంది. "ఐస్‌క్రీం బండిలా ఉంది బాబాయ్. పైన గంట ఒకటి కొడితే పిల్లలొస్తారు. అమ్మా, నేను హాల్లోనే చేసుకుంటా."

ఫొటోల అబ్బాయిని పిలిపించాం. చావింటికొచ్చినవాడిలా చేతులు కట్టుకుని చర్చి చుట్టూ తిరిగి, పక్క వరండాలో ఆగాడు. కోత పండుగకు సంఘస్థులు కానుకగా తెచ్చిన, ఎండు మిరపకాయలు కుక్కిన టిక్కీలు అక్కడ గోడకానించి నిలువెత్తు పేర్చి ఉన్నాయి.

"వీటి వెనక?" అన్నాడు.

"అక్కడ కొట్టలేదయ్యా. బస్తాలు జరపడానికి ఎవుడూ రాలా" అని తల దించుకున్నాడు మా మరిది.

బద్ధకం వల్ల మా సంఘానికి అంత మేలు ఇంకెప్పుడూ జరగలేదు. టిక్కీలు లాగేస్తే పాత గోడ పెచ్చులతో సహా బయటపడింది. "సరే, ఇక్కడే" అంది అమ్మాయి.

గోడతోపాటు ఘాటూ బయటపడింది. మర్నాడు ప్రమాణాలయ్యాక జంటను అక్కడ నిలబెట్టి, "నవ్వండి" అన్నాడా అబ్బాయి. పెళ్ళికొడుకు తుమ్మాడు. అమ్మాయి కళ్ళు ధారలు కట్టాయి.

ఆ ఫొటోనే ఇప్పుడు వియ్యపురాలింట్లో గోడకు వేలాడుతోంది. "తల్లిని వదిలి రావాలంటే పిల్ల ఎంత ఏడ్చిందో చూడండి" అని వచ్చినవాళ్ళందరికీ చూపిస్తుంది. నేనూ తల ఊపుతాను. నిజంగా వెళ్ళేటప్పుడు మా అమ్మాయి కారు అద్దం దించి, ఫొటోలెప్పుడిస్తాడో కనుక్కోమని చెప్పి, అద్దం ఎత్తేసుకుంది.