మా అక్క శపించిన మనిషి

తొమ్మిదేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను అని రాసి, ఆ వాక్యం ఒకసారి కొట్టేశాను. మళ్లీ రాశాను. కొట్టేయడానికి కారణం ఉంది. రోజూ మోసినట్టు నాకు అనిపించలేదు. చాలా రోజులు కడుపునిండా తిన్నాను, మధ్యాహ్నాలు నిద్రపోయాను, లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చుకుని చదువుకున్నాను. నెలకొకసారి మాత్రం, మొదటి ఆదివారం చర్చిలో మా అక్క పక్కన కూర్చున్నప్పుడు, అది ఉందని తెలిసేది. ఇప్పుడు అక్క లేదు. అది మాత్రం అన్ని రోజులూ ఉంటోంది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఒక సంగతి ముందే తెలుసుకోండి. నేను మంచివాడిగా మారి ఇది రాయడం లేదు. ఒక మనిషి పడిపోవడం నా కళ్లతో చూడాలని రాస్తున్నాను. అతను పడేటప్పుడు నేనూ పడతాను. పడనీ.

కర్నూలులో ఒక చిన్న సహకార బ్యాంకులో పనిచేశాను. ఆ బ్యాంకు ఇప్పుడు లేదు కాబట్టి పేరు అనవసరం. రిటైరైన పంతుళ్లు, నర్సులు, కూరగాయల వ్యాపారులు, బేల్దారి మేస్త్రీలు అందులో దాచుకునేవాళ్లు. నాది గుమాస్తా ఉద్యోగమే గానీ, తెలుగు బాగా రాస్తానని పేరు. వార్షిక నివేదిక నేనే రాసేవాణ్ని. చైర్మన్ ఉపన్యాసాలు నేనే రాసేవాణ్ని. మంత్రికి ఇచ్చే వినతిపత్రాలూ నావే. చైర్మన్ ఆదోని వైపు పెద్ద రైతుల ఇంటివాడు. రోడ్డు కాంట్రాక్టులు చేసి, పార్టీలో తిరిగి, బ్యాంకులోకి వచ్చాడు. నా మీద ఒక్కరోజు కూడా గొంతు పెంచలేదు. అదీ రాయాలి.

బ్యాంకు ఎందుకు మునిగిందో ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. వానల్లేక అప్పులు తిరిగి రాలేదంటారు. నేను చూసింది వేరు. ఎన్నికల ముందు నాలుగు కంపెనీలకు పెద్ద అప్పులు ఇచ్చారు. అందులో ఒకటి చైర్మన్ డ్రైవరు పేరు మీద ఉండేది. ఆ డబ్బు అటునుంచి అటే పార్టీకి విరాళంగా పోయింది. పార్టీ గెలిచింది. తర్వాత మా బ్యాంకు వైపు ఎవరూ తొంగిచూడకుండా మంత్రి చూసుకున్నాడు. తనిఖీ వాయిదా వేయమని వెళ్లిన ప్రతి కాగితంలోనూ ‘చిన్న డిపాజిటర్ల శ్రేయస్సు దృష్ట్యా’ అని ఉండేది. ఆ మాట నేను పెట్టిందే.

అయినా సహకార శాఖ నుంచి ఒక ఆడిటర్ వచ్చాడు. కడప మనిషి. మధ్యాహ్నం తన క్యారియర్ తనే విప్పుకుని తినేవాడు. బ్యాంకు తెప్పించిన టీ ముట్టేవాడు కాదు. కిందికి దిగి బండి దగ్గర డబ్బులిచ్చి తాగొచ్చేవాడు. మూడు వారాల్లో నాలుగు కంపెనీలనూ పట్టుకున్నాడు. ఒక కంపెనీ అడ్రసు వెతుక్కుంటూ వెళ్లి, తిరిగొచ్చి, అందరిముందూ చైర్మన్‌తో అన్నాడు: “మీ కంపెనీ చూసొచ్చినా సార్. నా బండికి గాలి కొట్టి పంపించినారు. పది రూపాయలే తీసుకున్నారు.”

అది పంక్చర్ షాపు. మేమంతా తలలు వంచుకుని నవ్వాపుకున్నాం. చైర్మన్ కూడా నవ్వాడు.

ఆ సాయంత్రమే నన్ను గదిలోకి పిలిచాడు.

“మంత్రి మనోడే అప్పా. ఈయప్పను పంపించేస్తాడు. ఊరికే పంపిస్తే పేపరోళ్లు అడుగుతారు గదా, ఒక కాగితం కావల్లంట. డిపాజిటర్లే రాసినట్ల ఉండల్ల.”

“ఎవరి పేరు పెట్టాలి సార్?”

“పేరెందుకప్పా? మన ఆకాశరామన్న యాడికి పోయినాడు?” మళ్లీ నవ్వాడు. “నువ్వు రాస్తే చదివినోడికి కండ్లల్లో నీళ్లు తిరగల్ల.”

బెదిరించలేదు. డబ్బిస్తాననలేదు. నేను కుర్చీలో కూర్చుని రాశాను.

ఒక ముసలి విధవరాలు రాసినట్టు రాశాను. ఆ గొంతు కోసం నేను ఎక్కువసేపు వెతకలేదు. మా ఎస్తేరక్క గొంతు అది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. కమలాపురంలో పుట్టి, కడపలో మిషన్ ఆసుపత్రిలో ఆయాగా ముప్పై ఏళ్లు చేసింది. మొగుడు తొందరగా పోయాడు, పిల్లల్లేరు. రిటైరైనప్పుడు వచ్చినదంతా మా బ్యాంకు కడప శాఖలో వేసింది, తమ్ముడు పనిచేసే బ్యాంకు కాబట్టి. ఆమె ఎలా మాట్లాడుతుందో అలాగే రాశాను. ‘నా రెక్కల కష్టం ఈడ దాచుకున్నా సారూ, ఆయప్ప దాని మీద కండ్లు పెట్టినాడు’ అని. డిపాజిట్ తీసుకోవాలంటే తనకింత ఇవ్వాలని ఆడిటర్ అడిగినట్టు రాశాను. చైర్మన్ చదివి, ఎర్ర ఇంకుతో చివర ఒక వాక్యం తన చేత్తో కలిపాడు: ‘ఆడోళ్లతో ఆయప్ప పద్ధతి కూడా బాగలేదు.’ దాన్నీ చేర్చి, మంచి ప్రతి రాయించి పంపాం. ఎర్ర ఇంకు ఉన్న చిత్తుప్రతి నా దగ్గరే ఉండిపోయింది. ఎందుకు దాచానో అప్పుడు నాకు తెలియదు.

ఎందుకు రాశాను? భయపడి రాశానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అది నిజం కాదు. రాయడం నాకు నచ్చింది. నివేదికలు రాసీ రాసీ, ఒక మనిషి గొంతు పలికించగలనా అని చూసుకున్నాను. పలికింది. చైర్మన్ చదువుతూ తల ఆడిస్తుంటే సంతోషించాను.

పది రోజుల్లో ఆడిటర్‌ను సస్పెండ్ చేశారు. బ్యాంకుకు ఇంకో ఏడాదిన్నర ఆయుష్షు దొరికింది. ఆ ఏడాదిన్నరలో చైర్మన్ మనుషులంతా తమ డబ్బు తీసుకున్నారు. ఆ రోజుల్లోనే అక్క నన్ను అడిగింది: “మన బ్యాంకు గురించి ఏందేందో అంటాండారురా. లెక్క తీసేయల్లనా, ఉంచల్లనా? నువ్వెట్ల చెప్తే అట్ల.”

కడపలో డబ్బును లెక్క అనే అంటారు. నేను ఉంచమన్నాను. సిబ్బంది ఇళ్లవాళ్లే తీసుకుంటే పుకారు పుడుతుందని మాకు గట్టిగా చెప్పి ఉన్నారు. అక్కకు ధైర్యం చెప్పడానికి ఇంకోటి కూడా అన్నాను: ఆ ఆడిటరే దొంగ, ఆయన్ని పంపించేశారు, ఇక భయం లేదు. ఆమె నమ్మింది. నేను చెప్పింది ఆమె నమ్మకపోవడం ఎప్పుడూ జరగలేదు.

బ్యాంకు మూతపడింది. బీమా కింద కొంత ఆలస్యంగా వచ్చింది, మిగతాది రాలేదు. అక్క కర్నూలు వచ్చేసి, అరవై దాటాక ఒక నర్సింగ్ హోంలో నేల తుడిచే పనికి వెళ్లింది. లంచాల కోసం బ్యాంకును ముంచింది ఆడిటరేనని ఊరంతా అనేది. చైర్మన్ మనుషులు ఆ ఉత్తరం నకళ్లు తీయించి పంచారు. డిపాజిటర్లలో ఆడవాళ్లు పది పన్నెండు మంది కలిసి కడపలో ఆయన ఇంటి మీదికి పోతామంటే అక్క కూడా బయలుదేరింది. తోడుగా నేను వెళ్లాను.

ఎండ పూటే అది. ఇంటి ముందు కాలువ పనికోసం మట్టి తవ్విపోసి ఉంది. ఆయన బనీనుతో బయటికి వచ్చి “అమ్మా, నేను చెప్పేది వినండి” అన్నాడు. ఎవరూ వినలేదు. పిడికిళ్లతో మన్నెత్తి పోశారు. నీ ఇల్లు పాడుగాను అన్నారు. అక్క వెనకాల చాలాసేపు ఊరికే నిలబడింది. కుక్కను కూడా అదిలించని మనిషి. తర్వాత ఆమె కూడా వంగి మన్ను తీసుకుంది. “మా కూడు తీసినావు, నీకూ నోటికాడి కూడు జారిపోతాది” అంటూ విసిరింది. నేను గేటు పక్కన ఆమె సంచి పట్టుకుని ఉన్నాను. ఆడిటర్ నన్ను చూశాడు, గుర్తుపట్టాడు. నేనేదో ఒకటి చెబుతానని చూశాడు. నేను సంచి జిప్పు సరిచేశాను.

తిరిగి వస్తూ ఆటోలో అక్క కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ అంది: “అందరూ అన్ని మాటలంటాంటే నువ్వొక్క మాటన్నా అనలేదేరా.”

నేను సంచి ఆమె ఒళ్లో పెట్టాను.

“నీది శానా మెత్తని మనసు. చిన్నప్పట్నుంచీ అంతే.”

ఆ తర్వాతి నెల నుంచి మా అక్క ప్రభువు బల్ల తీసుకోలేదు. మీకు తెలియకపోతే చెబుతాను. మా చర్చిలో నెల మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. ఎవరి మీదైనా పగ ఉంటే ముందు దాన్ని తీసేసుకుని రావాలి. చాలామంది పట్టించుకోరు. అక్క పట్టించుకుంది. “రోజూ ప్రార్థనలో ఆయప్ప పేరు ఎత్తతా. నోట్లోంచి వస్తాది, మనసులోంచి రాదు” అనేది. వరుసలు లేచి ముందుకు పోతుంటే ఆమె బెంచీ మీదే కూర్చుని, కాళ్లు పక్కకు జరిపి నాకు దారి ఇచ్చేది. నువ్వు పోరా అనేది.

నేను వెళ్లేవాణ్ని. నేను తీసుకునేవాణ్ని. అన్నేళ్లూ.

ఆయన ఏ తప్పూ చేయలేదక్కా అని ఒక్క మాటంటే చాలు. చెప్పలేదు. చెబితే ఆమె ఎవరిని క్షమించాల్సి వచ్చేదో నాకు తెలుసు. క్షమించేదని కూడా తెలుసు. అదే భరించలేననుకున్నానా? లేక ఆ మెత్తని మనసువాడిగా ఇంకొన్నాళ్లు ఉండాలనుకున్నానా? రెండూ కావచ్చు. కారణం ఏదైనా ఆమెకు ఒరిగిందేమీ లేదు.

పోయిన ఏడాది ఆసుపత్రిలో, చివరి వారం, పాస్టరుగారు రొట్టె తీసుకుని మంచం దగ్గరికి వచ్చారు. అక్క తల అడ్డంగా ఊపింది. “ఇంకా కాలేదయ్యగారూ” అంది. నేను ఆమె కాళ్ల దగ్గర నిలబడి ఉన్నాను. మూడు రోజులకు పోయింది.

సమాధుల దొడ్డికి చైర్మన్ వచ్చాడు. ఇక్కడి నుంచి వాడు అనే రాస్తాను. వాడికి ఈసారి టికెట్ వస్తుందని ఊళ్లో అనుకుంటున్నారు. మెడలో పార్టీ కండువా, వెనక ఇద్దరు ఫోటోలు తీసేవాళ్లు. అందరిలాగే గుంటలో పిడికెడు మన్ను వేశాడు. ఫోటో సరిగా రాలేదంటే ఇంకో పిడికెడు వేశాడు. చేతులు దులుపుకుని నా భుజం తట్టి, “పెద్దామె శానా మంచిదప్పా. ఏమన్నా కావల్లంటే మొగమాటపడొద్దు, అడుగు” అన్నాడు.

నాకు కావలసింది అప్పుడు తెలిసింది. వాడు కోర్టు వరండాలో బెంచీ మీద కూర్చోవాలి. పిలిచేదాకా మూత్రానికి కూడా లేవడానికి భయపడుతూ కూర్చోవాలి. అదే ఫోటోగ్రాఫర్లు అక్కడా ఉండాలి. వాడింట్లోవాళ్లు పేపరు చదవాలి. ఆ కండువా వేసినవాళ్లే వాడి ఫోను ఎత్తకూడదు. ఇవన్నీ నేను పుస్తకం చేతిలో పెట్టుకుని, పేజీ తిప్పకుండా, గంటలకొద్దీ ఊహించుకున్నాను. ఇది న్యాయం మీద ప్రేమ కాదు. న్యాయమే కావాలనుకుంటే అక్క బతికుండగానే నోరు తెరిచేవాణ్ని. వాడు సమాధి దగ్గరికి రాకపోయి ఉంటే ఇప్పటికైనా తెరిచేవాణ్నా? తెలియదు. నన్ను ద్వేషించుకోవడం కంటే వాణ్ని ద్వేషించడం సులువుగా ఉంది. అయినా వాడు పడాలి.

పన్నెండు పేజీలు రాసుకుని, చిత్తుప్రతి జతచేసి, కడప వెళ్లాను. ఆడిటర్ అదే ఇంట్లో ఉన్నాడు. విచారణ తేలకుండానే రిటైరయ్యాడు, పెన్షన్ సగం ఆగిపోయి ఉంది. కూర్చోమనలేదు. పెన్సిల్ తీసుకుని నా కాగితాలు మొదటినుంచి చదివాడు. చైర్మన్‌ను తిడుతూ రాసిన పేజీలకు ఒక్కోదానికీ అడ్డంగా గీత కొట్టాడు.

“ఇదంతా నీ కోపం. ఇది నాకెందుకు?” అన్నాడు. ఇంకో చోట ఆగాడు. “‘ఒత్తిడి వల్ల’ అని రాసినావు. బెదిరించినాడా?”

“లేదు సార్.”

“మరి?”

“అడిగాడు. రాశాను.”

“అట్లే రాయి.”

రాశాను. ఎర్ర ఇంకు వాక్యం దగ్గర ఆయన పెన్సిల్ చాలాసేపు కదలలేదు. నేను చెప్పాల్సింది ఇంకోటి ఉంది. ఆరోజు వెనకాల నిలబడి, చివర్లో మన్ను విసిరిన ఆమె మా అక్క అని చెప్పాను. ఆయనకు గుర్తుంది.

“ఆమెకెప్పుడు చెప్పినావు?”

“చెప్పలేదు సార్. చనిపోయింది.”

ఆయన కాగితాలు సర్దాడు. “అంటే ఆమెకు ఇప్పటికీ నేనే దొంగ.”

అవును సార్ అన్నాను.

సంతకం పెట్టించుకుని, కింద అడ్రసు రాయమన్నాడు. లాయరుకిస్తానని, తర్వాత పోలీసులు నా ఇంటికొస్తారని చెప్పాడు. రానివ్వండి అన్నాను. క్షమించమని అడగలేదు. అడిగితే ఆయన ఏదో ఒకటి చెప్పాల్సి వస్తుంది. ఆ పని కూడా ఆయన మీద పెట్టదలచుకోలేదు.

వాకిట్లో చెప్పులు వేసుకుంటుంటే, లోపల ఆయన తన భార్యకు చదివి వినిపించడం మొదలుపెట్టాడు. ఆయన పద్ధతి బాగలేదన్న వాక్యాన్ని ఇన్నేళ్లూ ఆ ఇంట్లో భరించింది ఆమె. నేను వెళ్లిపోవలసింది. నిలబడ్డాను. ఆ వాక్యం దాకా చదివాడు, అది ఎవరి చేతిరాతో చదివాడు, దాన్ని కలిపి పంపింది నేనేనన్నదీ చదివాడు. “ఇంకొకసారి చదువు” అంది ఆమె.

ఆయన మళ్లీ మొదటినుంచి చదివాడు. నా మాటలు ఆయన గొంతులో వింటూ గేటు దగ్గర నిలబడ్డాను. తొమ్మిదేళ్లలో మొదటిసారి నేను రాసింది నిజం.