పిన్ని కన్నూ సముద్రపు పచ్చదనమూ

మా పిన్ని ఉద్యోగం పట్టుగుడ్డల పచ్చదనం చెప్పడం. ఓడలు వెనక ఒక పెట్టెను ఈడ్చుకెళ్తాయి. అందులోని పట్టుగుడ్డకు సముద్రంలో తేలే ప్లవకాలు, అంటే కంటికి ఆనని పచ్చటి నాచులాంటివి, అంటుకుంటాయి. ఆ గుడ్డను కిటికీ పక్క బల్ల మీద పరిచి, పచ్చ లేదనో, లేతపచ్చ అనో, ముదురుపచ్చ అనో ఆవిడ తేల్చాలి. తన పెళ్లికి ముందు నుంచీ ఆ బల్ల ఆవిడదే.

సముద్రం దశాబ్దాల తరబడి మెల్లగా వేడెక్కుతూ, చల్లబడుతూ ఉంటుంది. ఆ ఓడలు తిరిగే చోట వేడి దశ వస్తే పచ్చదనం తగ్గుతుంది. దాన్ని మేసే, రొయ్యకు దూరపు చుట్టాల్లాంటి నూనె పట్టిన చిట్టి జీవులు చల్లటి నీళ్లకు తరలిపోతాయి. వాటిని నమ్ముకున్న చేపపిల్లలు పస్తులుంటాయి. ఇంత నెమ్మది మార్పు తెలియాలంటే చూసే కన్ను మారకూడదు. అందుకే ఆఫీసులో పిన్ని పరికరాల్లో జమ. తనిఖీకి వచ్చినవాళ్లు ఒకసారి ఆవిడ హ్యాండ్‌బ్యాగుకు సామాను నంబరు అంటించి వెళ్లారు.

అలాంటి కళ్లకు శుక్లాలు వచ్చాయి. ఆవిడ మా పాపకు ఒక్కో కాలికి ఒక్కో రంగు సాక్సు తొడిగితే ఊరుకున్నాను గాని, ఆవిడ కళ్లెదుటే పాప గుండీ నోట్లో పెట్టుకున్న రోజున డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాను. ఆపరేషన్ అన్నాడు.

ఆఫీసు డైరెక్టరుగారు ససేమిరా అన్నారు. కన్ను మారితే కాగితం మీద సముద్రం ఒక్కసారిగా రంగు మారుతుందట. రిటైరయ్యాక చేయించుకోమన్నారు.

"అప్పటికి మిమ్మల్ని కూడా తడిమి గుర్తుపట్టాలి సార్" అంది పిన్ని.

కమిటీ కూర్చుని ఒక్క కంటికి అనుమతిచ్చింది. రెండోది యథాతథంగా ఉంచాలి.

పిన్ని దిగులు వేరు. కొన్నేళ్లుగా ఆవిడకు అన్నీ లేతపచ్చగానే కనిపిస్తున్నాయి. పాత గుడ్డలు తీసి సరిచూద్దామంటే అవి వెలిసిపోయాయి. "తగ్గింది సముద్రంలో పచ్చదనమో, నా కంట్లో వెలుగో తెలియట్లేదే" అనేది. తప్పు కన్నుదే కావాలని కోరుకుంటూ ఆపరేషన్ బల్ల ఎక్కింది.

కట్టు విప్పాక ఆఫీసంతా చుట్టూ మూగింది. కొత్త గుడ్డలు పరిచారు. పిన్ని అరచేత్తో కొత్త కన్ను మూసి, లేతపచ్చ అంది. చెయ్యి మార్చింది. ఇప్పుడు నేతలో పోగు పోగూ కనిపిస్తోందట. ఒక్కో గుడ్డనీ చాలాసేపు చూసింది.

"అన్నీ లేతపచ్చే" అంది.

డైరెక్టరుగారు చప్పట్లు కొట్టారు. ఇన్నేళ్ల లెక్క నిలబడిందని పొంగిపోయారు.

"సంతోషం దేనికి సార్? తప్పు నా కన్నుదయితే డాక్టరు బాగుచేసేసేవాడు."

చప్పట్లు ఆగాయి. రెండో కంటికి అనుమతి ఆ పూటే వచ్చింది. పిన్ని తర్వాతి పట్టుగుడ్డ చుట్ట విప్పింది.