దోసగింజల జడబిల్లలు

మా ఇంటికి శుభలేఖ వస్తే, ఆ పెళ్లి కాకముందే నా కత్తెర కింద పడేది. తొంభైల్లో తిరుపతిలో నేను తొమ్మిదో తరగతి, చెల్లెలు ఐదు. దాని బడి వార్షికోత్సవంలో డాన్సుకు జడబిల్లలు కావాలన్నారు. అమ్మ అద్దెకు తెస్తానంటే నాకు రోషం పొడుచుకొచ్చింది.

"అద్దె సెట్టు దేనికిమా? నేను చేస్తా గదా!"

ఇక వారం రోజులు ఇల్లంతా చెత్తే. పాత ఎక్స్‌రే ఫిల్మును గుండ్రంగా కోసి, మీద శుభలేఖల బంగారు కాగితం అతికించి, ఎండిన దోసగింజల్ని మల్లెరేకుల్లా చుట్టూ పేర్చి, నడుమ గురివింద గింజ పెట్టాను. మొత్తం తొమ్మిది బిల్లలు. అబ్బో, నా మురిపెం అంతా ఇంతా కాదు!

ఇంకా మూడు రోజులుందనగా నాయన చెల్లెల్ని తీసుకుని మొక్కు తీర్చడానికి కొండకు వెళ్లాడు. సాయంత్రం తిరిగొచ్చేసరికి దాని నెత్తిన నున్నటి గుండు, గుండు మీద గంధం!

"ఏం నాయనా ఇది? జడబిల్లలు యాడ పెట్టేది, నీ నెత్తినా?" అని అరిచాను.

"మొక్కు మొక్కే గదమ్మా," అని నాయన లోపలికి వెళ్లిపోయాడు.

టీచరు మాత్రం ఉలకలేదు. మా ఊళ్లో చిన్న తరగతుల్లో బెంచీకో గుండు ఉంటుంది. "జడకు బదులు కిరీటం కుదిరితే ఆడనీ, లేకుంటే ఈసారికి కూర్చోబెడదాం," అంది. చెల్లెలి ముఖం చిన్నబోయింది. తిట్టుకుంటూనే బిల్లలన్నీ పాత లంగా నాడాకు కుట్టి కిరీటం చేశాను.

వార్షికోత్సవం నాడు స్టేజీ వెనక దానికి కిరీటం కడుతూ కూడా నా సణుగుడు ఆగలేదు. "ఇంకో వారం ఆగేదానికి నాయనకేమొచ్చిందంట?"

"నాయన్ని అనద్దక్కా, మొక్కు గడువు ఈ వారంతో అయిపోతాందంట. నీకు టైఫాయిడ్ వచ్చినప్పుడు మొక్కింది నీ జుట్టు. నాది ఇస్తానని నేనే అన్నా. నీకు చెప్పద్దని నాయనతో ఒట్టేయించుకున్నా."

నా చేతులు ఆగిపోయాయి. "నాతో ఒక్కమాట అనింటే ఏమే?"

"అనింటే నువ్వే ఇచ్చేసుందువు. అంత పెద్దదానివి గుండుతో హైస్కూలుకు పోతే నవ్వరా? నాదైతే మళ్లీ వచ్చేస్తాదిలే. బిగించి కట్టక్కా, పాట పెడతాండారు!"

కట్టాను. పరిగెత్తింది. గుండు మీద తొమ్మిది బిల్లలూ ఊగుతుంటే ఒక్క అడుగు తప్పకుండా ఆడింది. నేను తెర పక్కన నిలబడి, నడుం దాకా ఉన్న నా జడను రెండు చేతులా పట్టుకుని వలవలా ఏడ్చాను.